ప్రథమ లబ్ధిదారు

కోనపాలెం బజారులో ఏ బోర్డు చూసినా కింద కుడి మూలన ‘భద్రం ఆర్ట్స్’ అని చిన్నగా రాసి ఉంటుంది. మందుల షాపు, ఎరువుల కొట్టు, ఆడపిల్లల హైస్కూలు, పోలీస్ స్టేషను గోడ మీద నీతివాక్యాలు, అన్నీ వీరభద్రం చేతిమీదుగా వచ్చినవే. ఊళ్ళోకి ఫ్లెక్సీ మిషన్లు దిగి మిగతా పెయింటర్లంతా గోడలకు సున్నాలు వేసుకుంటున్నా, భద్రం అక్షరమే కావాలని పట్టుబట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలా పట్టుబట్టిన మెస్సు ఓనరే ఒకరోజు ‘భోజనం తయారు’ అన్న కొత్త బోర్డు చూసి నోరు వెళ్ళబెట్టాడు.

“ఏటి బద్రం, నా బోజనానికి చలేత్తందా? అక్షరాలు అలా వణికిపోతన్నాయి?”

భద్రం తల దించుకున్నాడు. వణుకుతున్నది తన చెయ్యి. మొదట్లో పని అయ్యాక గ్లాసు పట్టేవాడు. కొన్నేళ్ళకి కుంచె పట్టాలంటే ముందు గ్లాసు పట్టాల్సి వచ్చింది. ఇప్పుడు గ్లాసు పట్టినా కుంచె మాట వినడం లేదు. భార్య తాయారు జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. ఆ రోజు ఆ బోర్డు తిరిగొచ్చి గుమ్మంలో పడ్డాక మిషను ఆపేసి ఒక్కటే మాట అడిగింది.

“మానతావా, నన్ను మా అక్క దగ్గరికి ఎల్లిపొమ్మంటావా?”

భద్రం ఏడ్చాడు. తాయారూ ఏడ్చింది. అతనికి నిజంగానే మానెయ్యాలని ఉంది. ఈ కథలో ఆ ఒక్క విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ అక్కర్లేదు. మిగతా అనుమానాలన్నీ ఆఫీసువాళ్ళవి.

మానడానికి దారులు లేకపోలేదు. తాయెత్తు కట్టించుకున్నాడు. అది స్నానానికి తీసిపెట్టిన చోట మర్చిపోయాడు. మాల వేసుకున్నాడు. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టలేదు, అన్నాళ్ళు అంత నిష్ఠగా ఉన్నందుకు మాల తీసిన సాయంత్రం స్నేహితులే పార్టీ ఇచ్చారు. పట్నంలో ఏసీ ఆస్పత్రి ఒకటి ఉందంటే తాయారు వెళ్ళి కనుక్కుంది. అడ్వాన్సు ఎంతో చెప్పగానే కుర్చీకి దండం పెట్టి లేచొచ్చింది. చివరికి ఇద్దరూ జిల్లా ఆస్పత్రికి వెళితే కౌంటర్లో ఉన్నాయన ఊరు పేరు విని చీటీ వెనక్కి తోసేశాడు.

“కోనపాలెమా? మీ పరిధిలో కొత్త కేంద్రం వచ్చిందిగా. పరిధి దాటొచ్చినవాళ్ళని మేం చూడకూడదు.”

ఆ కేంద్రం కాలవ రోడ్డు మీద ఉంది. ‘మద్య విముక్తి, పునరుజ్జీవన కేంద్రం’. కొత్త సున్నం, కొత్త మంచాలు, ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పని పరుపులు. ప్రధాన ద్వారానికి అడ్డంగా గులాబీరంగు రిబ్బను కట్టి ఉంది. అటెండరు సత్యానందం దాని కింద నుంచి వంగి లోపలికి వెళ్ళాడు, వంగి బయటికి వచ్చాడు, వీళ్ళనీ వంగి రమ్మన్నాడు.

లోపల ప్రాజెక్టు అధికారి పరాంకుశరావు గారు తాయారు చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నారు.

“సంతోషం. మీవంటి వారి కొరకే ఈ కేంద్రం సంకల్పించబడినది. అయితే సంకల్పించబడినదే గాని ప్రారంభించబడలేదు. ప్రారంభించబడని కేంద్రంలో ఎవరికైనా నయమైతే అందుకు ఎవరు జవాబుదారీ?”

తాయారు పక్క కుర్చీలో కూర్చున్న డాక్టర్ మృదుల వైపు చూసింది. ఆవిడ ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది. మందులగదికి సీలు వేసి ఉండడం వల్ల ఇప్పటిదాకా ఆవిడ చేసిన వైద్యమల్లా పూలగుత్తులు ఎంచడం, మైకు పలుకుతోందో లేదో చూడడం.

పరాంకుశరావు గారు కళ్ళు తెరిచి భద్రాన్ని ఎగాదిగా చూశారు. నూనె రాసి దువ్విన క్రాపు, కత్తిరించిన మీసం, ఇస్త్రీ చొక్కా. ఆయన ముఖం వికసించింది. సర్క్యులర్ ప్రకారం గౌరవ మంత్రివర్యులు తమ స్వహస్తాలతో ‘ప్రథమ లబ్ధిదారు’ నోట్లో మొదటి మాత్ర వేస్తేనే కేంద్రం ప్రారంభమైనట్టు. ఆ లబ్ధిదారు కోసం ఆయన ఎప్పటినుంచో వెతుకుతున్నారు. ఒకడొచ్చి పాట అందుకున్నాడు. ఇంకొకడు పూలదండల మీద పడి నిద్రపోయాడు. మరొకాయన, పెద్దమనిషి, ఫోటో తియ్యరంటేనే వస్తానన్నాడు. ఫోటో లేని లబ్ధి లబ్ధి కిందకి రాదు కదా.

“గురువారం మంత్రిగారు విచ్చేస్తున్నారు. మీరే ప్రథమ లబ్ధిదారు. అంతవరకు యథాతథ స్థితి కొనసాగించండి.”

“అంటేనండి?” అన్నాడు భద్రం.

“తాగుతూ ఉండండి.”

డాక్టర్ మృదుల ముందుకు వంగింది. “చూడండి భద్రం గారూ, ఇన్నేళ్ళ అలవాటు ఒక్కసారిగా మీ అంతట మీరు ఆపెయ్యకూడదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మందులిస్తూ, దగ్గరుండి ఆపించాలి. అందుకే ఇవాళే చేర్చుకుందాం సార్.”

“డాక్టరుగారు సైతం ఆపరాదనే అంటున్నారు,” అని పరాంకుశరావు గారు ఫైలు మూశారు.

మర్నాటికి ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. ఒకపక్క మంత్రిగారు దండం పెడుతూ, ఇంకోపక్క భద్రం నవ్వుతూ, మధ్యలో ‘నేను మానేశాను. మరి మీరు?’ అని. భద్రం మెయిన్ రోడ్డు మీద నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు. తన మొహం పక్కన కంప్యూటరు అక్షరాలు పెట్టినందుకు అతనికి కడుపు రగిలిపోయింది. మిగతాదంతా సాయంత్రం వైన్ షాపు దగ్గర తెలిసింది.

“నువ్వా? నీకు అమ్మితే గవర్నమెంటుకి ఎదురుతిరిగినట్టవుద్ది బాబూ,” అన్నాడు కౌంటర్లో మనిషి, వెనకాల ఫ్లెక్సీకేసి చూపిస్తూ. “ఎల్లు, నీ పున్నెం.”

భద్రం ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు. తాయారు నమ్మలేక నోరు వాసన చూసింది. చూసి, నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వి ఎన్నాళ్ళైందో భద్రానికే గుర్తులేదు. పులుసు వేడిచేసి వడ్డిస్తుండగా గుమ్మంలో స్కూటరు ఆగింది. సత్యానందం దిగాడు. చంకలో ఆఫీసు సంచి, సంచిలో క్వార్టరు సీసా.

“సార్ పంపించారండి. షాపులో ఇవ్వటం లేదని తెలిసి చాలా బాదపడ్డారండి.”

లబ్ధిదారు గురువారం దాకా లబ్ధిదారుగా మిగలాలంటే ఆఫీసు పూనుకోక తప్పదు. పరాంకుశరావు గారు దీనికి ‘లబ్ధిదారు సంరక్షణ’ అని ఒక పద్దు తెరిచారు. ఉన్నతాధికారులు కూడా మెచ్చుకున్నారట.

తాయారు సీసా పట్టుకుని విసిరికొట్టబోయింది. అప్పటికే భద్రం చెయ్యి గడగడలాడుతోంది. మంచం కోడు పట్టుకుని తాయారు వైపు చూశాడు. “గురువారందాకానే కదే,” అన్నాడు చిన్న గొంతుతో. డాక్టరమ్మ చెప్పిన ఫిట్స్ మాట గుర్తొచ్చి తాయారు సీసా కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం వచ్చింది. మంత్రిగారికి జలుబు చేసింది. తరువాతి గురువారానికి పక్క నియోజకవర్గంలో ఉపఎన్నిక, కోడ్ అడ్డమొచ్చింది. కోడ్ ఎత్తేసేసరికి మూఢం వచ్చి కూర్చుంది. మూఢంలో ఎవరూ పెళ్ళి చెయ్యరు, గృహప్రవేశం చెయ్యరు. తాగుడు మాన్పించడం శుభకార్యమా కాదా అని పరాంకుశరావు గారు పైకి రాశారు. శుభకార్యమేనని, కాబట్టి వీల్లేదని జవాబు వచ్చింది. కట్టిన రిబ్బను విప్పడం అశుభమని దాన్ని అలాగే ఉంచారు. సిబ్బంది వంగి వెళ్ళి వంగి వస్తున్నారు. గులాబీరంగు రిబ్బను ఎండకి వెలిసి తెల్లబడింది, సత్యానందానికి నడుంనొప్పి పట్టుకుంది. సాయంత్రపు సీసా మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. ప్రభుత్వం ఊళ్ళోకి అంత వేళకు పంపినది కోనపాలెంలో ఇంకేదీ లేదు.

భద్రం చెయ్యి ఇప్పుడు మెతుకు నోట్లో పెట్టుకోడానిక్కూడా సహకరించడం లేదు. ఒక లారీ ఓనరు నంబరు రాయమని బండి తెచ్చి, చెయ్యి చూసి, ఏదో పనుందని చెప్పి తీసుకుపోయాడు. ఆ వారమంతా భద్రం సత్యానందం తెచ్చిన దాంట్లో సగం తాయారు చేత కరివేపాకు మొక్కలో పోయించాడు. సగమైనా తగ్గిద్దామని. వారం తిరిగేసరికి మొక్క కళ తప్పడం సీసా తెచ్చిన సత్యానందం చూశాడు. తరువాత వచ్చినది నోటీసు.

‘ప్రథమ లబ్ధిదారుగా ఎంపికై ఉండియు, ముందస్తు అనుమతి లేకుండా స్వయముగా బాగుపడుటకు ప్రయత్నించుట ద్వారా తాము కార్యక్రమమునకు విఘాతము కలిగించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపగలరు.’

ఇద్దరూ రిబ్బను కింద వంగి ఆఫీసులోకి వెళ్ళారు.

“ఆయన్ని బాగుచెయ్యండి మహాప్రభో అని తీసుకొత్తే మీరే పోయిత్తారా?” అంది తాయారు. “ఎక్కడైనా ఉందా ఈ అన్నేయం?”

“అమ్మా, ఆవేశపడకండి.” పరాంకుశరావు గారి గొంతు ఎంతో మెత్తగా ఉంది. “మీవారు ఇంతకుముందు ఒక వ్యక్తి. ఇప్పుడు ఒక కార్యక్రమం. వ్యక్తి తన ఇష్టం వచ్చినప్పుడు బాగుపడవచ్చును. కార్యక్రమానికి తేదీ ఉండాలి. మంత్రిగారు వచ్చి మాత్ర వేయబోయే సమయానికి ఈయన ఆరోగ్యంగా ఉంటే ఏం చూపించాలి? ఆరోగ్యవంతుడికి మందు వేస్తే ఆడిట్ ఊరుకుంటుందా?”

“పోనీ ఇంకోళ్ళని పెట్టుకోండి బాబూ,” అన్నాడు భద్రం.

“ఫ్లెక్సీలు?” అన్నారు పరాంకుశరావు గారు.

బయటికి వచ్చాక డాక్టర్ మృదుల వెనకాలే రిబ్బను కింద వంగి పరుగెత్తుకొచ్చింది. “ఏ కాస్త తేడా వచ్చినా, ఏ వేళప్పుడైనా తీసుకురండి. నేను ఇక్కడే ఉంటాను,” అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. తాయారు ఆ నీళ్ళు చూసి తలూపింది.

భద్రం అవమానం దిగమింగలేకపోయాడు. తాగితే ఆఫీసు మెచ్చుకుంటుంది, మానితే నోటీసు ఇస్తుంది. ఇంత బతుకూ బతికి గవర్నమెంటు కోసం తాగడమేమిటని పంతం పట్టాడు. ఆ సాయంత్రం సీసా మొత్తం మొక్కలోకి వెళ్ళింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మధ్యాహ్నం, గోడమీది తన పాత అక్షరాలు చీమలై పాకుతున్నాయని కేకపెట్టాడు. ఒళ్ళంతా చెమట. చూస్తుండగానే కొయ్యబారిపోయి, నోట నురగ కక్కుతూ కొట్టుకున్నాడు.

తాయారు జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర చేతిలో ఉండగానే వీధిలోకి పరుగెత్తింది. పక్కింటి దుర్గారావు ఆటో తీశాడు. అతను కూడా పగలంతా ఆటో నడిపి సాయంత్రాలు ఎక్కడ పడిపోతాడో తెలియని మనిషే గాని, ఆ వేళ మాత్రం తిన్నగా నడిపాడు.

కేంద్రం మెట్ల మీదికి ఇద్దరూ భద్రాన్ని మోసుకొచ్చారు. గుమ్మంలో రిబ్బను.

“వంగండమ్మా, వంగి రండి,” అన్నాడు సత్యానందం అలవాటు కొద్దీ.

“కొయ్యలా ఉన్న మడిసిని ఎలా వంచమంటావురా?” అని అరిచాడు దుర్గారావు.

సత్యానందం లోపలికి, బయటికి చూశాడు. దీనిమీద అతనికి ఆదేశాలు లేవు. తాయారు ఎవరి వైపూ చూడలేదు. చేతిలో కత్తెర ఉన్న సంగతి అప్పుడే గమనించినట్టు దానికేసి చూసుకుని, రిబ్బనుని కసుక్కున కత్తిరించింది.

డాక్టర్ మృదుల అప్పటికే మందులగది సీలు సుత్తితో బద్దలు కొడుతోంది.

పరాంకుశరావు గారు వచ్చేసరికి భద్రం కొత్త పరుపు మీద, చేతికి సెలైనుతో, నిద్రపోతున్నాడు. ఆయన ముందు రిబ్బను చూశారు. తరువాత సీలు చూశారు. చివరికి మంచం దగ్గరికి వచ్చారు.

“ఎవరు ప్రారంభించారు?”

“నేనేనండి,” అంది తాయారు.

“ఏ హోదాలో?”

“పెళ్ళాం హోదాలోనండి.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. మెమోలు, విచారణలు, కేసులు ఆయన కళ్ళముందు కదిలాయి. సాయంత్రం దాకా ఆలోచించగా జనరేటరు గుర్తొచ్చింది. జనరేటరు కొన్నప్పుడు ప్రారంభోత్సవానికి ముందు నడిపి చూశారు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. వెంటనే ఫైలు మీద రాశారు: ఇది చికిత్స కాదు, ట్రయల్ రన్.

ట్రయల్ రన్ అన్నాక డాక్టర్ మృదులకి అడ్డు లేకపోయింది. మందులిచ్చింది, సూదులు వేసింది, చేతి వణుకు తగ్గేదాకా పక్కనే ఉంది. సంగతి విని దుర్గారావు ఒకరోజు సిగ్గుపడుతూ వచ్చి మంచం ఎక్కాడు. అతని వెనక ఎరువుల కొట్టు గుమాస్తా, ఫోటో వద్దన్న ఆ పెద్దమనిషి కూడా. ట్రయల్ రన్‌లో ఫోటోలుండవు కదా. మంచాలు నిండాయి. సాయంత్రాలు అందరినీ వరండాలో కూర్చోబెట్టి డాక్టరమ్మ ఒకటే అడిగేది.

“మీకు ఏ వేళప్పుడు మనసు లాగుతుంది?”

భద్రం ఆలోచించి చెప్పాడు. “కుంచె కడిగేటప్పుడండి. బోర్డు అయిపోయాక ఓనర్లు కూలీతో పాటు ఓ క్వార్టరు చేతిలో పెడతారండి. మా పన్లో అది మామూలే. ఓపక్క కిరసనాయిల్లో కుంచె కడుగుతా, ఓపక్క నోట్లో పోసుకుంటాం. కుంచె చూత్తే చాలండి, నోరూరుద్ది.”

“అయితే ఆ ఒక్క వేళ దాటించడమే మన పని. మిగతా రోజంతా దాని వెనకాలే దాటుతుంది,” అంది డాక్టరమ్మ.

నెమ్మదిగా దాటడం వచ్చింది. వరండా గోడమీద బొగ్గుతో ఒక గీత గీశాడు భద్రం. అది వంకర లేకుండా సాగింది. తాయారు వేలితో ఆ గీతని అటుచివర దాకా తడిమి, తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మూఢం వెళ్ళింది. మంత్రిగారు వచ్చారు. కొత్త రిబ్బను కట్టారు. ఫ్లెక్సీలు మార్చలేదు కాబట్టి ప్రథమ లబ్ధిదారూ మారలేదు. పరాంకుశరావు గారు భద్రాన్ని పక్కకి పిలిచి, వేదిక ఎక్కేటప్పుడు ఒక్క అడుగు తూలితే బాగుంటుందని ప్రాధేయపడ్డారు. భద్రం తూలలేదు. తూలమంటే తూలడం ఆఫీసువాళ్ళ పని అనుకున్నాడు.

మంత్రిగారు మాత్ర అతని నోట్లో వేసి, మంచినీళ్ళు తాగించి, కెమెరాలకేసి తిరిగారు.

“ఇప్పుడెలా ఉంది?”

“బాగుందండి.”

“చెయ్యి చాపు.”

భద్రం చాపాడు. ఆ చెయ్యి వేదిక మీది స్తంభమంత నిలకడగా ఉంది. చప్పట్లు మార్మోగాయి. మంత్రిగారు మొదట ఆశ్చర్యపోయారు, వెంటనే తేరుకున్నారు.

“చూశారా! ఒక్క మాత్ర! ఒకే ఒక్క మాత్ర!”

డాక్టర్ మృదుల ఏదో చెప్పబోయి లేచింది. మైకు ఆవిడే సరిచూసి పెట్టింది గాని, ఆవిడ చేతికి రాలేదు.

ఒక్క మాత్రతో మనిషి బాగుపడుతున్నప్పుడు మంచాలెందుకు, డాక్టరెందుకు, వరండా ఎందుకు? ఈ ప్రశ్న మంత్రిగారు వేదిక మీదే అడిగారు, ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. మంచాలు ఎత్తేశారు. డాక్టరమ్మని దూరంగా ఎక్కడికో బదిలీ చేశారు. మాత్రలు ప్రతి వైన్ షాపు కౌంటరు పక్కనా ఒక డబ్బాలో పెట్టించారు, సీసా కొనుక్కున్నవాళ్ళు తలొకటి తీసుకోవచ్చు. విశాలమైన భవనం, లారీ తిరగడానికి చోటు, మంచి ద్వారం. ఖాళీగా ఉంచడం ప్రజాధనం వృథా అని దాన్ని మద్యం డిపోకి ఇచ్చేశారు. పరాంకుశరావు గారికి అనుభవం ఉంది కనుక ఆయన్నే డిపో మేనేజరు చేశారు.

వైద్యం సగంలో ఉన్న దుర్గారావు ఒక పూట డిపో గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“డాక్టరమ్మ లేరాండి?”

“జిల్లా ఆస్పత్రికి వెళ్ళాలి,” అన్నారు పరాంకుశరావు గారు.

“నిన్ననే ఎల్లొచ్చానండి. మీ పరిదిలో కేంద్రం ఉందిగా, అక్కడికే ఎల్లమన్నారండి.”

పరాంకుశరావు గారు ఇది పరిశీలించవలసిన అంశమని ఒప్పుకున్నారు.

అప్పుడు ద్వారం దగ్గర నిచ్చెన మీద ఉన్నది భద్రమే. పాత బోర్డు మీద రంగు పూసి కొత్తది రాయడానికి డిపోవాళ్ళు పిలిపించింది అతన్నే. వెళ్ళనని ముందు అన్నాడు. ఇంట్లో నూకలు నిండుకున్నాయని తెలిసి వెళ్ళాడు. ‘విముక్తి’ మీద తెల్లరంగు పూశాడు. దానిమీద ‘డిపో’ అని రాశాడు. పెద్ద అక్షరాలు, అచ్చుగుద్దినట్టు, ఎక్కడా వంకర లేదు. ఇంత మంచి చేత్తో ఇదా రాయాల్సి వచ్చింది అనుకుని కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకున్నాడు.

నిచ్చెన దిగి, కుంచె కడిగే ఖాళీ డబ్బా ముందు వేసుకుని, కుంచె చేతిలోకి తీసుకున్నాడు. సాయంత్రమైంది. అదే వేళ. సత్యానందం వచ్చి కూలీ ఇచ్చి, ఎప్పటిలాగే ఆఫీసు సంచిలోంచి క్వార్టరు తీసి పక్కన పెట్టాడు.

“మామూలేగా బద్రం. సార్ ఇమ్మన్నారు.”

దుర్గారావు గేటు దగ్గర్నుంచి చూస్తున్నాడు. భద్రం నోరు ఊరింది. ఊరలేదని చెప్పడం అబద్ధం. సీసా అందుకుని మూత తిప్పాడు. వాసన ముక్కుకి తగిలింది. ఒక్కక్షణం అలాగే పట్టుకున్నాడు. తరువాత సీసా మొత్తం డబ్బాలో వంపి, కుంచె అందులో ముంచి, బరబరా తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, బయటికి తీసి వెలుగులో చూశాడు. ఎనామిల్ అలాగే ఉంది.

“దీంతో రంగు కూడా వదలదండి,” అన్నాడు సత్యానందంతో. “కాత్త కిరసనాయిలుంటే ఇప్పించండి.”